వెనుక చక్రాల బండితో జారుడు ఘాటీలో: వానలోనూ పొగమంచులోనూ నడిపే పద్ధతి

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో సంతలకు సరుకు మోసే బండ్లు, పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ మనుషులను చేర్చే బండ్లు చాలావరకు వెనుక చక్రాల శక్తితో నడిచేవే. బొలెరో, ఈకో, టాటా ఏస్, ఇన్నోవా క్రిస్టా, ఇంకా రోడ్డు మీద మిగిలి ఉన్న ఓమ్నీలు, సుమోలు అన్నీ ఆ కోవకే చెందుతాయి. హిమం కురిసే దేశాల్లో ఇదే అమరిక ఉన్న స్పోర్ట్స్ కారును చలికాలంలో బయటకు తీయవచ్చునా అన్న వాదన ఏటా లేస్తూనే ఉంటుంది. మన కొండల్లో హిమం పడదు. అయితే జూన్ నుంచి అక్టోబరు దాకా తడిసి ముద్దయిన ఎర్రమట్టి, నూర్పిళ్ల కాలంలో రోడ్డు మీద పరిచిన గడ్డి, డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున తారు మీద పేరుకునే తేమ, ఈ మూడూ కలిసి ఆ లోటు తీరుస్తాయి. జారే నేల మీద వెనుక చక్రం ప్రవర్తించే తీరు ఎక్కడైనా ఒకటే.

ఎత్తు ఎక్కలేక ఆగిపోయిన బండి గురించి అందరూ చెప్పుకుంటారు. అది చిరాకు పెట్టే ఇబ్బందే తప్ప, చాలాసార్లు దానితో పోయేది కాస్త సమయమే. అసలు ప్రమాదం సరుకు దింపేసి ఖాళీ బండితో తడి ఘాటీ, అంటే మలుపుల కొండదారి, దిగేటప్పుడు ఉంటుంది. ఈ వ్యాసంలో ఆ దిగుడును ప్రత్యేకంగా పట్టించుకోవడానికి కారణం అదే.

మీ బండి ఏ చక్రాలతో నడుస్తుందో తెలియకపోతే కిందికి వంగి చూడండి. గేరుబాక్సు నుంచి వెనుక ఇరుసు వరకు పొడవాటి ఇనుప షాఫ్టు, ఆ ఇరుసు మధ్య గుండ్రంగా ఉబ్బిన డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) కనబడితే శక్తి వెనక్కి వెళుతున్నట్టే. పేరు చూసి నిర్ణయించుకోకూడదు. ఇన్నోవా క్రిస్టా వెనుక చక్రాలతో నడుస్తుంది, అదే కుటుంబంలో తర్వాత వచ్చిన హైక్రాస్ ముందు చక్రాలతో నడుస్తుంది.

బరువు ఎక్కడ ఉంటే పట్టు అక్కడ

ఇంజను ముందుండే బండి ఖాళీగా ఉన్నప్పుడు దాని బరువులో సగానికి పైగా ముందు చక్రాల మీదే పడుతుంది, కదిలించే పని మాత్రం వెనుక చక్రాలది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది కనుక లోడుతో ఉన్న పికప్ బండి సుంకి ఘాటీని వానలో కూడా పెద్దగా మొరాయించకుండా ఎక్కేస్తుంది. దిగేటప్పుడు, అందులోనూ బ్రేకు నొక్కినప్పుడు, బరువంతా ముందుకు వాలి వెనుక చక్రాలు తేలికైపోతాయి. ఆ స్థితిలో వెనుక చక్రం పట్టు తప్పడానికి గట్టి కారణమేమీ అక్కరలేదు, ఒక్క గేరు మొరటుగా పడితే చాలు. తోపుడు బండిని వెనక నుంచి నెట్టేవాడు కాస్త పక్కకు తోస్తే బండి మొత్తం అడ్డం తిరిగినట్టు, నెట్టే చక్రాలు పక్కకు జారితే వాహనం తన చుట్టూ తాను తిరగబోతుంది.

స్పోర్ట్స్ కార్లలో పోర్షే 911 సంగతి ఇక్కడ గమనించదగినది. దాని ఇంజను వెనుక ఇరుసుకు కూడా వెనకాల ఉంటుంది. అందువల్ల వెనుక చక్రాల కార్లలో అది హిమం మీద కదలడానికి అంతగా మొరాయించదు, కానీ మలుపులో పట్టు తప్పితే ఆ బరువే వెనుక భాగాన్ని బయటికి విసురుతుంది. బరువు వెనుక ఉండడం మేలే గాని, ఎంత వెనుక అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మన వ్యానుల్లో, పికప్‌లలో సరుకు సర్దేటప్పుడు పాటించవలసిన నియమం దీని నుంచే వస్తుంది: బరువైన బస్తాలు వెనుక ఇరుసుకు సరిగ్గా పైన గాని, కొద్దిగా ముందుకు గాని ఉండాలి. తోక చివర పేర్చితే ముందు చక్రాలు తేలి స్టీరింగు ఉత్తదైపోతుంది. తిరుగు ప్రయాణంలో బండి పూర్తిగా ఖాళీ అయితే, రెండు మూడు ఇసుక బస్తాలను ఇరుసు మీదుగా అడుగున పడుకోబెట్టి తాడుతో బిగించి కట్టండి. హిమ దేశాల్లో పికప్ యజమానులు చలికాలమంతా ఇదే చేస్తారు. కట్టని బస్తా బ్రేకు వేసినప్పుడు ముందుకు దూసుకువచ్చి మీ వీపునే తాకుతుంది, కనుక కట్టడం మరవకూడదు.

ఎక్కువ లోడు కోసం కమాను పట్టీలు అదనంగా వేయించుకున్నవారు ఒక విషయం పరీక్షింపజేసుకోవాలి. చాలా వ్యాన్లలో, చిన్న ట్రక్కుల్లో వెనుక ఇరుసుకూ ఛాసిస్‌కూ (బండి చట్రానికీ) మధ్య ఒక చిన్న కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఉంటుంది. బండి వెనుక భాగం ఎంత కిందికి దిగిందో చూసి, ఆ మేరకు అది వెనుక బ్రేకులకు ఒత్తిడి పంపుతుంది. ఖాళీ బండికి తక్కువ ఒత్తిడి ఇచ్చి వెనుక చక్రాలు బిగుసుకుపోకుండా చూడడం దాని పని. పట్టీలు పెంచితే లోడు ఉన్నా బండి దిగదు కాబట్టి, వాల్వు అది ఖాళీ బండి అనుకుని వెనుక బ్రేకును తగ్గించేస్తుంది. కడ్డీ ఊడిపోతే గాని, ఎవరైనా తీసి పక్కన కట్టేస్తే గాని, ఫలితం ఎటు తిరుగుతుందో చెప్పలేము. షెడ్డులో బండి పైకి ఎత్తినప్పుడు ఆ కడ్డీ స్వేచ్ఛగా కదులుతున్నదా అని మెకానిక్‌ను అడిగి కళ్లారా చూడండి.

టైర్లు

డ్రైవరు నైపుణ్యం కంటే, బండి ధర కంటే ముందు చూడవలసినది టైరే. గాడుల అడుగున అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, రబ్బరు అరిగి ఆ గట్లతో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిందని అర్థం, అది చట్టం ఒప్పుకునే చివరి హద్దు. వాన నీటిని పక్కకు నెట్టడానికి ఆ లోతు ఏమాత్రం చాలదు. ఘాటీలో తిరిగే బండికి 3 మిల్లీమీటర్ల దగ్గరే టైర్లు మార్చడం మంచిదని నా అభిప్రాయం. ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడే కోరాపుట్ ప్రాంతంలో ఆ చివరి కాస్త రబ్బరు మీద పొదుపు చేయడం ఖరీదైన పొదుపు. గాడులు లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదైతే గట్టిపడి జారుతుంది కనుక, టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు చదవండి: 3221 అని ఉంటే అది 2021వ సంవత్సరం 32వ వారంలో తయారైంది.

రెండు కొత్త టైర్లకే డబ్బు ఉన్నప్పుడు అవి వెనక్కే వెళ్లాలి. ‘స్టీరింగు ముందుంది కదా బాబూ, కొత్తవి ముందుకే వేద్దాం’ అని పంక్చరు షాపు పెద్దాయన అనడం మామూలే, ఆ మాట వినడానికి సబబుగానే ఉంటుంది. కాని ముందు టైరు జారితే బండి మలుపు తిరగక నేరుగా పోబోతుంది, వేగం తగ్గిస్తే మళ్లీ చెప్పినట్టు వింటుంది. వెనుక టైరు జారితే బండి అడ్డం తిరుగుతుంది, దాన్ని సరిదిద్దడం సాధన లేనివారికి సాధ్యం కాదు. అయినా ముందువి గుండుగా ఉంటే బ్రేకూ పనిచేయదు, స్టీరింగూ వినదు. వాటిని అలాగే వదిలేయడానికి ఇది సాకు కాకూడదు.

పిల్లలు కెనడాకో అమెరికాకో వెళ్లి, అక్కడ మనసు పడిన మస్టాంగ్, మియాటా లాంటి వెనుక చక్రాల స్పోర్ట్స్ కారును కొంటున్నామని ఫోను చేస్తే చెప్పవలసినది కూడా టైర్ల మాటే. స్పోర్ట్స్ కారుతో వచ్చే వెడల్పాటి వేసవి టైర్ల రబ్బరు ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే గట్టిపడి పట్టు వదిలేస్తుంది, హిమం మీద అది దాదాపు పనికిరాదు. మూడు శిఖరాల మధ్య హిమపు రేకు గుర్తు ఉన్న శీతకాలపు టైర్లు నాలుగూ ఒకేసారి, వీలైతే కొంచెం సన్నటివి వేయించాలి. నడిపించేవి వెనుకవే కదా అని రెండు మాత్రమే కొని వెనక వేస్తే కారు కదులుతుంది గాని, ఆగవలసిన చోట ఆగదు. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఇటువంటి టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. మన ప్రాంతానికి అవి అక్కరలేదు. చలికాలం పగటి వేడికే అవి త్వరగా అరిగిపోతాయి.

గాలిని బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. లోడుకు ఒక లెక్క, ఖాళీకి ఒక లెక్క కంపెనీ వారు తలుపు పక్కన స్టిక్కరు మీద గాని, పుస్తకంలో గాని రాసి ఉంచుతారు. లోడు కోసం గట్టిగా కొట్టించిన గాలితోనే ఖాళీ బండి తిరిగి వస్తే, టైరు మధ్య భాగం మాత్రమే నేలకు ఆని పట్టు ఇంకా తగ్గుతుంది. సంతకు వెళ్లి వచ్చే బండ్లలో ఎవరూ పట్టించుకోని విషయం ఇది.

కాళ్లు, చేతులు

జారే నేల మీద చేసే ప్రతి పనీ నిదానంగా, విడివిడిగా జరగాలి. బ్రేకు వేస్తే తిన్నగా ఉన్నప్పుడే వేయండి, తిప్పేటప్పుడు తిప్పడం మాత్రమే చేయండి, మలుపు విడిచి బండి తిన్నబడ్డాకే యాక్సిలరేటర్ పెంచండి. టర్బో డీజిల్ ఇంజనులో బలం నిమిషానికి సుమారు 1,500, 2,000 చుట్ల మధ్య ఒక్కసారిగా పుట్టుకొస్తుంది. తడి మలుపు మధ్యలో ఆ బలం అందిందంటే వెనుక చక్రం గిర్రున తిరుగుతుంది. కనుక బురద మీద కదిలేటప్పుడు రెండో గేరు వేసి, క్లచ్‌ను మెల్లగా వదులుతూ, ఇంజను గొంతు పెంచకుండా బయలుదేరడం అలవాటు చేసుకోండి. లోడు ఎక్కువగా ఉండి ఎత్తు కూడా ఉంటే మొదటి గేరే వేయాలి, లేకపోతే క్లచ్ కాలుతుంది.

ఎత్తు మీద హెయిర్‌పిన్ మలుపు తిరిగేటప్పుడు లోపలి వెనుక చక్రం మీద బరువు తగ్గిపోతుంది. మామూలు డిఫరెన్షియల్ పట్టు లేని చక్రానికే తిరగడానికి వీలిస్తుంది కనుక, అది ఖాళీగా తిరిగి బండి నిలిచిపోతుంది. ఎదుటి బండి రావడం లేదని నిశ్చయంగా తెలిసినప్పుడు మలుపును వీలైనంత వెడల్పుగా తీసుకోండి, ఊపు పోకుండా ఒకే వేగంతో సాగండి. కొండదారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్న నియమం పెట్టింది కూడా ఆ ఊపు చెడకుండా ఉండడానికే.

ఇక దిగుడు. ఏ గేరులో ఘాటీ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల లెక్క ఇప్పటికీ సరైనదే, అయితే వెనుక చక్రాల బండికి దానితో పాటు ఒక షరతు చేర్చాలి: ఆ గేరు దిగుడు మొదలు కాకముందే, రోడ్డు తిన్నగా ఉన్న చోటే పడాలి. ఇంజను పట్టి ఉంచే శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. నాలుగో గేరులో వేగంగా వస్తూ, మలుపు చూసి కంగారుగా రెండో గేరు వేసి క్లచ్ వదిలేస్తే, తేలికగా ఉన్న ఆ చక్రాలు హఠాత్తుగా బిగుసుకున్నట్టై వెనుక భాగం లోయ వైపు జారుతుంది. తప్పనిసరిగా గేరు తగ్గించవలసి వస్తే, క్లచ్ నొక్కి ఉన్నప్పుడే యాక్సిలరేటర్‌ను ఒకసారి తట్టి ఇంజను చుట్లు పెంచి, ఆ తర్వాత క్లచ్‌ను దశలవారీగా వదలండి. హ్యాండ్ బ్రేకు కూడా వెనుక చక్రాలనే పట్టుకుంటుంది కాబట్టి, నడుస్తున్న బండిలో తడి దిగుడు మీద దాన్ని తాకకూడదు. న్యూట్రల్‌లో దించి డీజిల్ మిగిల్చుకునే అలవాటు గురించి వాదన అనవసరం. బ్రేకులు వేడెక్కి పట్టు వదలడానికి దాని కంటే దగ్గరి దారి లేదు, ఇంజను ఆపేస్తే బ్రేకు సాయమూ పోతుంది.

అయినా వెనుక భాగం జారిందనుకుందాం. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీయండి, గేరు వల్ల జారిందని అనిపిస్తే వెంటనే క్లచ్ నొక్కండి, బ్రేకు మీద గట్టిగా కాలు వేయకండి. వెనుక భాగం కుడికి పోతుంటే స్టీరింగును కుడికే తిప్పాలి, ఎడమకు పోతుంటే ఎడమకే. ఎంత తిప్పాలన్నది లెక్క వేసే వ్యవధి ఉండదు. మీరు వెళ్లదలచిన రోడ్డు వైపే చూపు నిలిపితే చేతులు దాదాపు సరిగ్గానే తిరుగుతాయి, లోయ వైపు చూస్తే బండి కూడా అటే పోతుంది. బండి తిన్నబడుతుండగానే స్టీరింగును కూడా వెనక్కి తెచ్చేయాలి. ఇక్కడ ఆలస్యమైతే వెనుక భాగం రెండో వైపుకు మరింత బలంగా కొడుతుంది, చాలా ప్రమాదాలు జరిగేది ఆ రెండో ఊపులోనే. నేరుగా ఆపవలసి వచ్చినప్పుడు, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉంటే బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకోండి, కాలి కింద అది దడదడమన్నా వదలకండి. ఏబీఎస్ లేని పాత బండ్లలో చక్రం బిగుసుకున్నట్టు తెలియగానే కొద్దిగా వదిలి మళ్లీ నొక్కాలి.

ఇవన్నీ చదివితే వచ్చేవి కావు. స్వీడన్‌లో లైసెన్సు కావాలంటే ముందు జారే నేల మీద శిక్షణ పొందవలసిందే. మనకు అటువంటి ఏర్పాటు లేదు కాబట్టి, మొదటి వానలు పడ్డాక మనుషులూ పశువులూ స్తంభాలూ లేని మైదానం ఒకటి చూసుకుని, నడక కంటే కొంచెం ఎక్కువ వేగంతో, బండి ఎప్పుడు జారుతుందో, ఎలా తిరిగి పట్టుకుంటుందో తెలుసుకోండి. ఎత్తుగా ఉండే వ్యాను పల్టీ కొట్టగలదు, కనుక వేగం పెంచి ప్రయోగాలు చేయవద్దు.

రోడ్డు మీద ఏముంది

ఎండాకాలం తర్వాత పడే తొలి జల్లు, కుంభవృష్టి కంటే ఎక్కువ జారుస్తుంది. నెలల తరబడి పేరుకున్న ఆయిలు, దుమ్ము ఆ కొద్ది నీటితో కలిసి జిడ్డుగా మారతాయి. పని జరిగే చోట్ల టిప్పర్ల చక్రాలు తారు మీదికి తెచ్చి వదిలే ఎర్రమట్టి కూడా అంతే ప్రమాదం. రోడ్డు రంగు నలుపు నుంచి ఎరుపుకు మారిందంటే ఆ మార్పుకు ముందే వేగం తగ్గించాలి.

వరి, చోళ్ల నూర్పిళ్ల కాలంలో పల్లెల దగ్గర రైతులు పంటను రోడ్డు మీదే పరిచి, బండ్ల చక్రాల చేత నూర్పించుకోవడం మనకు కొత్త కాదు. పొడి గడ్డి మీద టైరుకు తారు అందనే అందదు, గింజలు రాలిన చోట మరీను. పైకి బంగారు రంగులో ఎండిన గడ్డి కనబడినా, అడుగున రాత్రి మంచుకు నానిన పొర ఉంటుంది. దాని మీద బ్రేకు వేయకుండా, స్టీరింగు తిప్పకుండా, గడ్డి మొదలు కాకముందే వేగం తగ్గించుకుని తిన్నగా దాటిపోండి. దాటాక బండి ఆపి కిందికి చూడడం అవసరం. తిరిగే షాఫ్టుకు గడ్డి చుట్టుకుంటుంది, వేడెక్కిన సైలెన్సర్ గొట్టానికి తగిలితే అంటుకుంటుంది.

దేవమాలి కొండ పరిసరాల్లోనూ సిమిలిగుడ, పొట్టంగి దారిలోనూ చలికాలపు ఉదయాల్లో పొగమంచు దట్టంగా కమ్ముకుంటుంది. హెడ్‌లైట్లు డిమ్‌లోనే ఉంచండి, బ్రైట్ వేస్తే తెల్లటి గోడే కనబడుతుంది. నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వెలిగించే అలవాటు మానుకోవాలి. మీరు ఆగి ఉన్నారో తిరగబోతున్నారో వెనుకవారికి తెలియదు. అద్దానికి లోపలి నుంచి ఆవిరి పడితే ఏసీ గాలిని అద్దం మీదికి మళ్లించండి, అది లేని బండిలో కిటికీ కాస్త దించండి. ఎడమ అంచు గీతను పట్టుకుని, కనబడేంత దూరంలో ఆగగలిగే వేగంతోనే సాగాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత గజపతి జిల్లాలో జరిగినట్టు కొండచరియలు విరిగిపడే వానల్లో మాత్రం ఈ సలహాలు వేటికీ విలువ లేదు, ఊరిలోనే ఆగిపోవాలి.

దిగబడినప్పుడు

చక్రం ఖాళీగా తిరుగుతోందని తెలిసిన మరుక్షణం కాలు తీసేయండి. ఇంకో రెండు సార్లు యాక్సిలరేటర్ తొక్కితే గొయ్యి లోతు పెరిగి ఇరుసు నేలకు ఆనుతుంది. దిగి, వెనుక చక్రాల ముందున్న బురదను తీసి, రాళ్లు, కొమ్మలు, గోనె సంచులు, అవి లేకపోతే బండిలోని రబ్బరు మ్యాట్లు దూర్చండి. స్టీరింగు తిన్నగా ఉంచి రెండో గేరులో ప్రయత్నించండి. కదలకపోతే మొదటి గేరుకూ రివర్స్‌కూ మధ్య బండిని ఊపుతూ రండి. ఒక చక్రం మాత్రమే తిరుగుతూ రెండోది నిలిచి ఉంటే, హ్యాండ్ బ్రేకును రెండు మూడు పళ్లు మాత్రమే లాగి మెల్లగా కదిలించి చూడండి. తేలికగా తిరిగే చక్రాన్ని అది కొంత నిలబెట్టి రెండోదానికి శక్తి పంపుతుంది. కదలగానే బ్రేకు పూర్తిగా దించేయాలి. చక్రాల జారుడును తానే అదుపు చేసే ఏర్పాటు ఉన్న కొత్త బండ్లలో, బురదలోంచి బయటపడే వరకు ఆ బటన్ ఆపి, రోడ్డెక్కాక మళ్లీ వేయాలి. టైరు గాలి 18, 20 పాయింట్ల (పీఎస్‌ఐ) వరకు తగ్గించడం ఖాళీ బండికి బాగా పనిచేస్తుంది. తిరిగి కొట్టడానికి పంపు దగ్గర లేనప్పుడు ఆ పని చేయకండి.

తోయడానికి వచ్చినవారిని చక్రాలకు సరిగ్గా వెనుక నిలబడనివ్వకూడదు, రాయి ఎగిరి తగులుతుంది. తాడు కట్టి లాగించేటప్పుడు కంపెనీ ఇచ్చిన కొక్కేనికే కట్టాలి. ఇరుసుకో షాఫ్టుకో కడితే బండి బయటికి వస్తుంది గాని షెడ్డుకు పోవలసి వస్తుంది. తాడు బిగిసి ఉన్నంతసేపు దానికి అటూ ఇటూ ఎవరూ ఉండకూడదు.

వాగు గాని, మోకాలి లోతు నీరు గాని దాటాక కొంత దూరం బ్రేకును తేలికగా నొక్కుతూ నడిపితే డ్రమ్ముల్లోని తడి ఆరుతుంది. ఇల్లు చేరాక చక్రాల లోపలి అంచులకు అంటిన బురద కడిగించండి, అది ఒక వైపు ఎండితే వేగంలో స్టీరింగు వణుకుతుంది. ఇరుసు మునిగేంత నీటిలో నడిచి ఉంటే డిఫరెన్షియల్ ఆయిలు చుక్క తీయించి చూడాలి. పాల రంగులో ఉంటే నీరు చేరినట్టే, ఆ ఆయిలు అదే వారం మార్పించాలి.